ఆకుపచ్చ స్వెటర్ వేసుకుంటే ఎయిలా లేనట్టే

ఎయిలా కంగాస్ ఆకుపచ్చ స్వెటర్ వేసుకుందంటే గదిలో లేనట్టే లెక్క. మా సెంటర్‌లో చేరిన ప్రతి పిల్లా వారం తిరిగేసరికి ఈ సంగతి నేర్చుకునేది. బూట్లు ఎక్కడ విప్పాలో, చేతులు ఎప్పుడు కడుక్కోవాలో నేర్చుకున్నట్టే ఇదీను. స్వెటర్‌తో ఉన్న ఎయిలాని పలకరించకూడదు. ముక్కు కారుతున్నా, బూటు దారం ఊడినా ఇంకో టీచరు దగ్గరికి పోవాలి. ఆవిడ స్వెటర్ విప్పి మేకుకి తగిలిస్తే అప్పుడు మళ్ళీ వచ్చినట్టు. వెంటనే ఇద్దరు ముగ్గురు వెళ్ళి కాళ్ళకి చుట్టుకునేవాళ్ళు.

నా పేరు వెర్నా. కెనడాలోని థండర్ బేలో, ఒక చర్చి కింద నేలమాళిగలో ఉన్న ఆ పసిపిల్లల సెంటర్‌లో పంతొమ్మిదేళ్ళు వంట చేశాను. నా వంటగదికీ పిల్లల గదికీ మధ్య వడ్డన కిటికీ ఉండేది. గరిటె తిప్పుతూ అందులోంచి నేను చూడని విషయం లేదు. కాకపోతే వంటమనిషిని ఎవరడుగుతారు? సూపులో ఉప్పెక్కువైతే అడుగుతారు. అందుకే ఆ ఏడాది చలికాలంలో హెల్మీ అనే పిల్ల విషయంలో ఏం జరిగిందో నేను చెబుతానంటే, పూర్తిగా అర్థమై చెబుతున్నానని మాత్రం అనుకోకండి. ఇప్పటికీ కొంత బోధపడలేదు.

ఎయిలా పని పిల్లల్ని చూడటం. చూడని టీచరు ఎవరుంటారు అంటారేమో. వాళ్ళు ఆడిస్తూ, తుడుస్తూ, అరుస్తూ చూసేవాళ్ళు. ఎయిలా అలా కాదు. గది వెచ్చగా ఉండటానికి గోడ వెంట వేడినీళ్ళ గొట్టాలు పోతాయి కదా, వాటి పక్కన పొట్టి స్టూలు వేసుకుని, కాలి మడమలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, మోకాలి మీద ప్యాడ్ ఆనించుకుని, ఒక్కో పిల్లని అరగంట చూసి కార్డు రాసేది. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. అదొక్కటే ఆవిడ చాదస్తం. కొత్తగా వచ్చిన టీచరు ఎవరైనా 'పిల్లవాడు సంతోషంగా ఉన్నాడు' అని రాసిందంటే అయిపోయినట్టే.

"సంతోషం ఎక్కడ కనబడిందమ్మా నీకు? ఏదీ, వేలు పెట్టి చూపించు."

"నవ్వుతున్నాడు కదండీ..."

"అయితే నవ్వాడని రాయి. ఎన్నిసార్లు నవ్వాడో రాయి. లోపల ఏముందో నీకేం తెలుసు?"

వినడానికి చిరాకుగా ఉండేది కానీ ఆ కార్డులకి ఊళ్ళో ఉన్న విలువ అంతా ఇంతా కాదు. ఒకసారి ఓ పిల్లవాడు పొగరుబోతని, పిలిస్తే పలకడని అందరూ తీర్మానించారు. ఎయిలా కార్డులు పక్కపక్కన పేర్చి చూస్తే, వాడు పలకనివన్నీ ఎడమవైపు నుంచి పిలిచిన పిలుపులే. డాక్టరు చూసి ఆ చెవి వినబడదన్నాడు. అప్పటినుంచీ స్కూలు బోర్డు వాళ్ళు ఎయిలా కార్డు అంటే మారు మాట్లాడేవాళ్ళు కాదు. ఆవిడ రాసిన దాన్నిబట్టే పిల్ల ఏ తరగతిలో పడాలో నిర్ణయమయ్యేది.

ఈ చూడటం ఆవిడకి చదువుతో వచ్చింది కాదు. అడవిలో కలప కొట్టేవాళ్ళ శిబిరంలో పుట్టి పెరిగింది. వాళ్ళమ్మ కూడా నాలాగే వంటమనిషి, అరవైమంది మగాళ్ళకి వండేది. ఆ శిబిరం మొత్తానికి ఎయిలా ఒక్కతే పిల్ల. గొడ్డళ్ళకీ గుర్రాలకీ అడ్డం రాకుండా కట్టెల పెట్టె మీద కూర్చోబెట్టి, కదిలావంటే చూడు అనేదట తల్లి. కూర్చుని చూసేదట. నాకు ఇదంతా కాఫీ తాగుతూ ఒకే ఒక్కసారి చెప్పింది, అదీ నేను వాళ్ళమ్మ సూపులో ఏం వేసేదని అడిగితే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రొట్టెల దుకాణం పైన ఒక గదిలో ఉండేది. నాకు తెలిసింది అంతే.

ఆ సెప్టెంబరులో హెల్మీ వచ్చింది. నాలుగేళ్ళు నిండటానికి ఇంకా ఐదు నెలలుంది. జొన్నకంకి రంగు జుట్టు, నుదుటి మీద చిన్న కోత గుర్తు. తల్లి లోరెయిన్ ఆస్పత్రిలో పక్కలు మార్చే పని చేసేది, తండ్రి అడవిలో పనికెళ్ళి శనాదివారాలే ఇంటికొచ్చేవాడు. పిల్ల పొద్దున ఏడున్నరకి వచ్చి, మధ్యాహ్నం సూపు తాగి, కాసేపు పడుకుని వెళ్ళిపోయేది. ఏడవలేదు. తల్లి వెళ్తుంటే చెయ్యి కూడా ఊపలేదు. కోట్లు తగిలించే కొక్కేల కింద ఒక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుంది. కొత్త కదా, రెండు వారాల్లో సర్దుకుంటుంది అనుకున్నాం.

అక్టోబరు వచ్చింది. పిల్ల బకెట్ దిగలేదు. మాట లేదు, ఆట లేదు. ఆ గదిలో ఇంకో టీచరు ఉన్నా ఏడ్చేవాళ్ళని ఎత్తుకోవడంతోనే ఆవిడకి సరిపోయేది. ఏడవని పిల్ల జోలికి ఎవరు పోతారు? సెంటర్ నడిపే గెయిల్ ఒకరోజు ఎయిలాని పిలిచి, "ఎయిలా, ఈ పిల్లని మీరు కాస్త గట్టిగా చూడాలి. అరగంట చాలదు, పొద్దంతా చూడండి. జనవరికల్లా ఏదో ఒకటి తేల్చాలి" అంది. తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఊరికి ఆ చివర స్కూలు బోర్డువాళ్ళ ప్రత్యేక తరగతి ఉంది. అవసరమైన పిల్లలకి అది మంచిదే, కాదనను. కానీ అవసరం లేని పిల్లని అందులో వేస్తే మళ్ళీ బయటికి తేవడం తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు. ఒకసారి ఫైలు తెరుచుకుంటే అది పిల్ల వెంట పదేళ్ళు నడుస్తుంది.

అప్పటినుంచి ఎయిలా పొద్దున స్వెటర్ వేసుకుంటే సూపు వేళ దాకా విప్పేది కాదు. మధ్యాహ్నం నా వంటగదిలో కూర్చుని, యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ కార్డులు సాపు రాసేది. నేను అవతల గిన్నెలు తుడుస్తూ భుజం మీంచి చదివేదాన్ని.

'9.10. హె. బకెట్ మీద కూర్చుంది. దిమ్మలు పేర్చే పిల్లల వైపు నాలుగు నిమిషాలు చూసింది. పెదవులు మూసి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద కదులుతోంది.'

'9.25. హె. వేడి గొట్టాల వైపు ఆరు నిమిషాలు చూసింది.'

'10.05. ఒక పిల్లవాడు బొమ్మ కారు అందించాడు. హె. తల అడ్డంగా ఊపింది. కారు తీసుకోలేదు.'

'10.15. వేడి గొట్టాల వైపు తొమ్మిది నిమిషాలు.'

"ఏమే, ఈ గొట్టాల పిచ్చేమిటి దీనికి?" అన్నాను.

"పిచ్చి అనకు. చూసింది అని మాత్రమే రాశాను."

"అదేలే. తొమ్మిది నిమిషాలు గొట్టం వైపు చూసేదాన్ని ఏమంటారు మరి?"

"తెలీదు వెర్నా," అంది. అప్పటికి ఎయిలా నోట 'తెలీదు' అన్న మాట నేను విని ఎరగను.

గెయిల్ అయితే ఏకంగా ప్లంబరు దగ్గరనుంచి పాత గొట్టం ముక్కలు రెండు డజన్లు తెప్పించి బుట్టలో వేసి హెల్మీ ముందు పెట్టించింది. ఇష్టమైన వస్తువుతో మొదలుపెడితే ఆటలోకి వస్తుందని ఏదో శిక్షణలో చెప్పారట. ఆ పిల్ల బుట్ట వైపు చూసింది, గెయిల్ వైపు చూసింది, బకెట్ ఎత్తి రెండడుగులు అవతలికి జరుపుకుని మళ్ళీ కూర్చుంది. గొట్టం ముక్కలతో మగపిల్లలు నెత్తులు పగలగొట్టుకున్నారు.

అర్థం కానివి ఇంకా ఉన్నాయి. చెవుడేమో అనుకున్నాం. ఓ రోజు నేను కిటికీ వెనక నా పాటికి నేను "క్యారట్టు వెయ్యనా వద్దా" అని గొణుక్కుంటే ఇరవై అడుగుల అవతలినుంచి తల తిప్పి నన్ను చూసింది. చేతుల్లో నేర్పు లేదేమో అనుకున్నాం. మంచులోకి వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా కప్పే చలి సూటు తనే వేసుకుని, పక్కనున్న వాడి జిప్పు కూడా లాగి పెట్టింది. బయట చలికి అందరి నోళ్ళకీ మఫ్లర్లే కాబట్టి అక్కడ ఎవరు మాట్లాడారో ఎవరు లేదో చెప్పలేం. ఒకటి చూస్తే పిల్లకి ఏ లోటూ లేదనిపించేది, ఇంకోటి చూస్తే గుండె జారిపోయేది.

దీని మధ్యలో డోరిస్ వ్యవహారం ఒకటి. నవంబరులో ఎయిలా పన్ను పీకించుకోవడానికి ఒకరోజు రాలేదు. బదులుగా డోరిస్ వచ్చింది. ఆ రోజు పై అంతస్తులో ఎవరివో అంత్యక్రియల భోజనాలుంటే నేను అక్కడ ఉన్నాను, కింద ఏం జరిగిందో చూడలేదు. మర్నాడు డోరిస్ రాసిపెట్టి పోయిన చీటీ గెయిల్ చదివి వినిపించింది: 'హెల్మీ పొద్దంతా వంటల ఆటలో పెత్తనం చేసింది. నోటికి తాళం లేదు.'

మేమంతా పడీ పడీ నవ్వాం. డోరిస్‌కి పేర్లు ఎప్పుడూ కలవవు. నన్ను పదేళ్ళుగా వీరా అనే పిలుస్తుంది. ఎవరిని చూసి ఎవరనుకుందో అనుకున్నాం. ఎయిలా మాత్రం నవ్వలేదు. దవడకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నేను ఆరు వారాలుగా చూస్తున్నాను. ఆవిడ ఒక్కరోజు చూసింది" అంది. చీటీ తీసి పొయ్యిలో పెట్టమంది. నేనే పెట్టాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

డిసెంబరుకి ఎయిలా చిక్కిపోయింది. కాఫీ చల్లారిపోతున్నా తాగేది కాదు. కార్డులు బల్ల నిండా పరిచి అటు మార్చి ఇటు మార్చి చూసేది. ఎప్పుడూ వాటిలోంచి ఏదో ఒకటి లేచి కనబడేది కదా, ఈసారి ఏమీ కనబడలేదు.

"నా కళ్ళకేమైనా అయిందంటావా?"

"అద్దాలు మార్పించుకో."

"ఆ కళ్ళు కాదే."

ఇంకో రొట్టెముక్క పళ్ళెంలో పెట్టాను. వంటమనిషికి అంతకంటే ఏం తెలుస్తుంది? నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతోంది కూడా. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషిని ఒక పిడికెడు పిల్ల ఇంత అల్లాడించడమేమిటి?

సమావేశం ఒక గురువారం మధ్యాహ్నం అనుకున్నారు. స్కూలు బోర్డు నుంచి మిస్ ప్రిచర్డ్ వస్తుంది. ఎయిలా కార్డులు చూసి, ఆమె సంతకం పెడితే క్రిస్మస్ సెలవుల తర్వాత హెల్మీ ఆ చివరి స్కూలు బస్సెక్కాల్సిందే. ఆ పొద్దున లోరెయిన్ పిల్లని దింపి నేరుగా నా వంటగదిలోకి వచ్చింది. రాత్రి పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి డ్యూటీకి వెళ్ళొచ్చిన బట్టలతోనే ఉంది.

"మీరైనా చెప్పండి వెర్నా. ఇంట్లో అది నోరు మూయదు. దాని వాగుడికి వాళ్ళ నాన్న రేడియో పెట్టుకుంటాడు. నేను అబద్ధమాడుతున్నానని అనుకుంటున్నారు వీళ్ళంతా."

అందరు తల్లులూ అలాగే అంటారు. నేను జాలిగా తలూపాను. ఆ తలూపు చూసి అమ్మాయికి ఇంకా మండింది.

"అలా తలాడించకండి! సాయంత్రమైతే బొమ్మలన్నీ వరసగా పెట్టి సెంటర్ ఆట ఆడుతుంది. నిన్న ఏదో అడగబోయాను. 'ష్, నేనిక్కడ లేను' అంది. మాటలు రాని పిల్ల అలా అంటుందా?"

"ఏమంది?"

"నేనిక్కడ లేను, అని. పాత కవరు మీద గీతలు గీసుకుంటూ కూర్చుంటుంది, పలికితే తిడుతుంది."

అప్పుడైనా వెలగాలా వద్దా? వెలగలేదు. సర్లే అమ్మాయ్, వెళ్ళి రెండు గంటలు పడుకుని రా అని పంపించాను. గురువారం కాబట్టి బఠాణీ సూపు. బఠాణీలు మెత్తబడ్డాయో లేదో నొక్కి చూస్తూ, ఊరికే కిటికీలోంచి బయటికి చూశాను. ఎడమవైపు గొట్టాల పక్కన ఎయిలా. స్టూలు మీద, ఆకుపచ్చ స్వెటర్‌లో, మడమ మీద మడమ వేసుకుని, తల కొంచెం వంచి. కుడివైపు కొక్కేల కింద హెల్మీ. బకెట్ మీద, మడమ మీద మడమ వేసుకుని, తల కొంచెం వంచి. ఎయిలా పెన్సిలు కదులుతోంది. హెల్మీ వేలు కదులుతోంది. ఎయిలా పేజీ తిప్పింది. హెల్మీ మోకాలి మీద చెయ్యి తిప్పింది.

ఓరి దేవుడా అని పైకే అన్నాను. గరిటె సూపులో జారిపడింది.

ఆ పిల్ల గొట్టాలని చూడటం లేదు. గొట్టాల పక్కన కూర్చున్న మనిషిని చూస్తోంది. కార్డు రాసేవాళ్ళు తమని తాము కార్డులో ఎప్పుడూ రాసుకోరు. ఆవిడ లేదు కదా మరి, గదిలో! కాబట్టి పిల్ల తన వైపు చూసిన ప్రతిసారీ 'గొట్టాల వైపు చూసింది' అని రాసింది మా మహాతల్లి. అందరం కలిసి నెత్తులు పగిలేలా గొట్టాలు కొనుక్కొచ్చాం.

ఎయిలాని చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కొచ్చాను. స్వెటర్‌తో ఉన్న మనిషిని అలా లాగడం అదే మొదటిసారి. గదిలో పిల్లలంతా ఆట ఆపి చూశారు.

"అది ఆడుతోందే! పొద్దస్తమానం ఆడుతూనే ఉంది. నీ వేషమే కట్టి ఆడుతోంది."

"వెర్నా, నీకు అనిపించింది చెప్పకు. చూసింది చెప్పు."

"నీ చాదస్తం తగలెయ్య! చూసిందే చెబుతున్నాను. అది నీలాగే కూర్చుంటోంది, నీలాగే రాస్తోంది, నీలాగే ఎవరు పలకరించినా తల అడ్డంగా ఊపుతోంది. నువ్వు లేని రోజున డోరిస్ చూసిన పిల్ల ఇదే."

ఎయిలా మొహం కందిపోయింది. తప్పు అంది. వంటమనిషికి ఏం తెలుసని అనబోయి ఆపుకుంది, నాకు తెలుసు ఆపుకుందని. ఇద్దరం కాసేపు ఒకరినొకరం కొట్టేంత కోపంగా చూసుకున్నాం. ఆ తర్వాత ఆవిడ గదిలోకి వెళ్ళి స్వెటర్ విప్పి మేకుకి తగిలించింది. హెల్మీ వెంటనే బకెట్ దిగింది. దిమ్మల దగ్గరికి వెళ్ళి, అక్కడున్న వాడితో "నాకు పొడుగుది ఇవ్వు" అంది. మామూలు గొంతు, కొంచెం బొంగురు. మూడు నెలల్లో మేము విన్న మొదటి మాట.

ఎయిలా మళ్ళీ స్వెటర్ వేసుకుంది. పిల్ల దిమ్మ కింద పెట్టి బకెట్ ఎక్కింది. విప్పింది, దిగింది. వేసుకుంది, ఎక్కింది. మూడోసారి విప్పేటప్పుడు ఎయిలాకి బొత్తాలు ఊడిరాలేదు, నేనే వెళ్ళి విప్పాను.

గెయిల్ ఆఫీసు బీరువా అంత ఉండేది కాబట్టి పెద్దవాళ్ళ సమావేశాలన్నీ నా వంటగది బల్ల దగ్గరే. పిల్లలు పడుకున్నాక మిస్ ప్రిచర్డ్ వచ్చింది. మర్యాదస్తురాలే, కాకపోతే ఆ రోజుకి ఇంకా రెండు సెంటర్లు చూడాలి ఆమె. లోరెయిన్ కోటు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది. ఎయిలా కార్డుల కట్ట బల్ల మీద పెట్టింది.

"ఇవి లెక్కలోకి తీసుకోకండి," అంది.

"తప్పులున్నాయా?"

"తప్పు ఒక్కటీ లేదు. అన్నీ చూసి రాసినవే. కానీ అవి ఆ పిల్ల గురించి కాదు."

మిస్ ప్రిచర్డ్ గెయిల్ వైపు చూసింది. గెయిల్ నా వైపు చూసింది. నేను సూపు కుండ వైపు చూశాను. ఎయిలా పొద్దున జరిగింది చెప్పుకొచ్చింది కానీ, చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. స్వెటర్ అట, బకెట్ అట. పైగా ఎప్పుడూ తడుముకోని మనిషి మాటమాటకీ తడుముకుంటోంది.

"ఎయిలా, మీరంటే మాకెంత గౌరవమో మీకు తెలుసు," అంది మిస్ ప్రిచర్డ్ మెల్లగా. "కానీ రెండు నెలల కార్డులు ఒకటి చెబుతున్నాయి, ఒక్క పొద్దు ఇంకోటి చెబుతోంది. ఆ ఒక్క పొద్దు చూసి నేనెలా సంతకం ఆపను? పిల్లని ఒకసారి తీసుకురండి."

తీసుకొచ్చారు. నిద్రలేచిన మొహం, చెంప మీద దిండు ముడత. మిస్ ప్రిచర్డ్ వంగి ఎర్ర పూస చూపించి ఇదేం రంగమ్మా అంది. పలకలేదు. నీ పేరేమిటి అంది. పలకలేదు. అమ్మ ఎక్కడుంది అంటే కనీసం తల తిప్పలేదు. లోరెయిన్ "చెప్పవే తల్లీ, ఇంట్లో చెబుతావుగా, చెప్పవే" అంటూ ఏడ్చేసింది. పొద్దున నేను చూసింది నిజమేనా, లేక చూడాలనుకున్నది చూశానా? మిస్ ప్రిచర్డ్ నిట్టూర్చి కలం మూత తీసింది.

ఎయిలా లేచి బయటికి వెళ్ళింది. కోపమొచ్చి వెళ్ళిపోయిందనుకున్నాను. తిరిగొచ్చేసరికి ఒంటి మీద ఆకుపచ్చ స్వెటర్. ఒక కుర్చీ గోడవారగా లాక్కుని, ప్యాడ్ మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది. హెల్మీ చుట్టూ చూసి, నా ఉల్లిపాయల పెట్టె కనబడితే వెళ్ళి దాని మీద కూర్చుని మడమలు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. వేలు మోకాలి మీద కదలడం మొదలైంది. మిస్ ప్రిచర్డ్ కలం గాల్లోనే ఆగింది.

అప్పుడు ఎయిలా ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. స్వెటర్ ఒంటి మీద ఉండగా నోరు తెరిచింది.

"ఏం రాస్తున్నావు హెల్మీ?"

ఆ పిల్ల అదిరిపడింది. "నువ్వు మాట్లాడకూడదు!" అని అరిచింది. "నువ్విక్కడ లేవు! స్వెటర్ వేసుకుంటే నువ్వుండవు!"

"సరే, నేను లేను. నువ్వేం రాశావో చదివి వినిపించు."

హెల్మీ అనుమానంగా చూసింది. తర్వాత ఖాళీ అరచెయ్యి మొహం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, అచ్చం ఎయిలా కార్డు చదివే తీరులోనే, ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా చదివింది.

"ఎయిలా స్టూలు మీద కూర్చుంది. ఎవరితోనూ ఆడలేదు. ఎవరూ ఎయిలాని పిలవలేదు. అందరూ మంచులోకి వెళ్ళారు. ఎయిలా కూర్చుంది. అందరూ సూపు తాగారు. ఎయిలా ఒక్కతే ఇంకా కూర్చుంది."

చేతిని అటు తిప్పి చూసి, వెనకవైపు ఏమీ లేదన్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

లోరెయిన్ ఏడుపూ నవ్వూ కలిపి కోటు చేతిలో మొహం దాచుకుంది. మిస్ ప్రిచర్డ్ తను తెచ్చిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ, నాలుగేళ్ళయినా నిండని పిల్ల ఇన్ని వాక్యాలు వరసపెట్టి చెప్పడం ఈ ఏడాదిలో తను వినలేదంది. హెల్మీ ఇక్కడే ఉంటుందంది. వసంతంలో మళ్ళీ వస్తాను, ఈసారి ఎవరూ స్వెటర్ వేసుకోకుండా చూద్దాం అని నవ్వించబోయింది. ఎవరికీ నవ్వు రాలేదు. లోరెయిన్ పిల్లని ఎత్తుకుని, బూట్లు కూడా సరిగ్గా తొడక్కుండా, మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనన్నంత తొందరగా వెళ్ళిపోయింది.

ఎయిలా కుర్చీలోంచి లేవలేదు. ప్యాడ్ మీద కార్డులో ఏదో రాసి ఉంది. నేను తుడుస్తున్నట్టు దగ్గరికెళ్ళి చూశాను. హెల్మీ చెప్పిన ఏడు ముక్కలూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా, తేదీ, టైముతో సహా రాసింది. పైన పిల్ల పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీ.

నాకు ఎక్కడ లేని సిగ్గు వేసింది. పంతొమ్మిదేళ్ళు. రోజూ అదే బల్ల, అదే కాఫీ. ఆవిడ గదిలో రెండో కుర్చీ ఉందో లేదో నాకు తెలీదు. మా పెరట్లో సౌనా అనే ఆవిరి స్నానాల గది ఉంది. ప్రతి శనివారం నిప్పేసి, వచ్చిన వాళ్ళందరికీ ఆవిరి పట్టించి, తర్వాత చేపల కూర పెట్టడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. గెయిల్ వచ్చేది. నన్ను వీరా అని పిలిచే డోరిస్ కూడా ఏడాదికి నాలుగుసార్లు వచ్చి కడుపు నిండా తిని పోయేది. ఎయిలాని పిలవాలని ఒక్కనాడూ తోచలేదు నాకు. ఆవిడకి ఒంటరిగా ఉండటమే ఇష్టమనుకున్నాను. ఎక్కడ చూశానంటే ఏం చెప్పను?

ఐదయ్యేసరికి బయట చీకటి పడుతోంది. ఆవిడ స్వెటర్ మేకుకి తగిలించి, కోటు వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటోంది.

"శనివారం మా సౌనాకి రా," అన్నాను.

ఎయిలా చెయ్యి బొత్తం మీద ఆగిపోయింది. నా మొహంలోకి, నాకు మతి పోయిందేమో అన్నట్టు, నిజంగానే ఏమీ అర్థం కానట్టు చూసింది.

"ఎందుకు?" అంది.